నమ్మితే పోయే తాళంచెవి

పన్నెండో నంబరు బస్సు డ్రైవరుకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. దానితో జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ పని పడలేదు. డిపోలోనూ, వీధిలోనూ, బస్సులోనూ ఆయన బడాయి. పిల్లలకి బడాయి మావయ్య, మరదలికి బడాయి బావ. భార్య ఒక్కతే "ఏమండీ" అనేది, అదీ ఆయన చెప్పేది ఆపించాల్సి వచ్చినప్పుడు.

మనిషి ఆ పేరుకి ఏనాడూ అన్యాయం చేయలేదు. ఓసారి దిగుడు రోడ్డులో బ్రేకులు పోతే బస్సుని బతిమాలి ఆపానన్నాడు. ఇంకోసారి కుంభవృష్టిలో అద్దాల మీది వైపర్లు ఊడిపోతే, రోజూ వెళ్లే దారే కదా అని బస్సు తనంతట తానే నడిచిందట. తను మాత్రం చూసేవాళ్లకి బాగుండదని స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడట. చదువు మధ్యలో మానేసిన సంగతి కూడా ఆయన నోట్లో పడి పోలికలు మార్చుకుంది. పంతుళ్ల దగ్గర పాఠాలు అయిపోయాయి, పాపం ముఖాలు చెల్లక ఇబ్బంది పడుతున్నారు, చూడలేక తనే బడి నుంచి తప్పుకున్నాడు. అదీ కథ.

ఇన్నింటి మధ్య ఆయన చెప్పే మాట ఇంకొకటి ఉంది. "ఇంటర్నెట్టు తాళంచెవి నా దగ్గరుంది" అనేవాడు. బ్రేకుల కథకి నవ్వని వాళ్లు కూడా దీనికి పొట్ట పట్టుకుని నవ్వేవారు.

ఆయన చెప్పినవాటిలో నిజం అదొక్కటే.

దీని వెనకాల చెప్పుల గొడవ ఒకటి ఉంది. బడాయి మరదలు బడిపిల్లల యూనిఫారాలు కుట్టే కొట్టు నడుపుతుంది. కొట్టుకి ఒక వెబ్‌సైటు పెట్టుకుంది. కొన్నేళ్ల కిందట ఒక రోజున ఆ కొట్టు పేరు కొట్టినవాళ్లకి యూనిఫారాలు రావడం మానేసి చెప్పుల జతలు రావడం మొదలుపెట్టాయి. ఆవిడ వెబ్‌సైటుని ఎవరూ ముట్టుకోలేదు, దాని మానాన అది బుద్ధిగానే ఉంది. మధ్యలో ఎవడో పేరు అడిగినవాళ్లకి తప్పుడు నంబరు చెబుతూ కూర్చున్నాడు. కంప్యూటర్లు వెళ్లేది నంబర్లని బట్టి. పేర్లు మనలాంటి మతిమరుపు మనుషుల కోసం. పేరు చెబితే నంబరు చెప్పే చోట దొంగ చేరాడంటే ఇంక ఎవరు ఎక్కడికి పోతారో వాడి ఇష్టం. ఆ రోజు మరదలి కొట్టుతో పాటు ఒక ఆసుపత్రి, రెండు బ్యాంకులు, ఊరి గ్రంథాలయం కూడా చెప్పులే అమ్మాయి.

దాంతో దేశం మొత్తానికి వెబ్‌సైట్ల పేర్లు చూసుకునే ఆఫీసు ఉలిక్కిపడి లేచింది. అందరూ దాన్ని పేర్ల ఆఫీసు అంటారు. ఇక మీదట చెప్పే ప్రతి జవాబు మీదా ఎవరూ దొంగిలించలేని ముద్ర ఉండాలనుకున్నారు. ముద్రకి మూలమైన రహస్య సంకేతం దాచిన యంత్రం ఇనప్పెట్టెలో ఉండాలి. దాన్ని నడిపే కార్డులు పెట్టె లోపలి డబ్బాల్లో ఉండాలి. డబ్బాల తాళంచెవులు మాత్రం ఆఫీసు వాళ్ల దగ్గర ఉండకూడదు, బయటి మనుషుల దగ్గర ఉండాలి. అప్పుడు ఆఫీసులో ఎవరికైనా దుర్బుద్ధి పుట్టినా డబ్బా తెరుచుకోదు. ఒక పళ్ల డాక్టరుని, ఒక సంగీతం టీచరుని, ఇంకా నానా రకాల వృత్తులవాళ్లని ఎంచుకున్నారు. డ్రైవర్ల సంఘాన్నీ ఒక మనిషిని పంపమన్నారు. సంఘం మీటింగు భోజనాల ముందు పెట్టారు, అందరూ ఆకలి మీద ఉన్నారు, ఎవరు వెళతారని అధ్యక్షుడు అడిగేసరికి తలలన్నీ వంగిపోయాయి. ఆ క్షణాన ఒక్క చెయ్యి లేచి ఉంది. బడాయి కిటికీ తెరవమని అడగడానికి చెయ్యెత్తాడు. అందరూ చప్పట్లు కొట్టి భోజనానికి లేచారు.

పోలీసులు విచారించారు, ఒక్క ప్రమాదం లేదన్నారు, ఒక్క తాగుడు కేసు లేదన్నారు. నోటి సంగతి విచారించాల్సిన వాటిలో లేదు. అలా తాళంచెవి చేతికొచ్చింది.

మూడు నెలలకోసారి ముద్రలు వేసే రోజు వస్తుంది, దాన్ని సంతకాల రోజు అంటారు. ముద్రలకి గడువు ఉంటుంది, గడువు తీరేలోగా అందరూ చేరి కొత్తవి వేయించాలి. ఆ రోజు ఆయన పొద్దున్న డ్యూటీకి సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పేర్ల ఆఫీసుకి వెళతాడు. అక్కడ గదిలో గది ఉంటుంది. ఫోను బయట పెట్టేయాలి. ఒక యంత్రం కళ్లలోకి చూసి మనిషిని పోల్చుకుంటుంది. చుట్టూ ఇనుప కంచె. పెట్టె తలుపు కాస్త దబాలున వేస్తే చాలు, అదురుని పసిగట్టే పరికరం కూత పెట్టి గది తలుపులు మూసేస్తుంది. ఒకాయన ప్రతి పనినీ పైకి చదువుతాడు, చదివిందే చేస్తారు, చేసిందే ఇంకొకాయన చూశానంటాడు. బడాయి వంతు వచ్చినప్పుడు, "మీ తాళంచెవి మీ దగ్గరే ఉందా, ఎవరికైనా ఇచ్చారా?" అని అడుగుతారు. "నా దగ్గరే ఉంది, ఎవరికీ ఇవ్వలేదు" అని చెప్పి తాళం తిప్పుతాడు. అంతే. రోజంతా నోరు ఊరుకోని మనిషి ఆ గదిలో ఆ రెండు ముక్కలూ చెప్పడం కోసం మూడు నెలలు ఎదురుచూసేవాడు. ఆయన బతుకులో దేనికైనా నాలుగు రంగులు పూస్తే తప్ప తృప్తి ఉండేది కాదు. దీనికి మాత్రం ఏ రంగూ పూయబుద్ధి కాలేదు. అచ్చంగా ఉన్నదున్నట్టే అంత గొప్పగా ఉంది మరి.

అలాంటిదాన్ని ఎవరూ నమ్మరు. ముఖ్యంగా మరదలు నమ్మదు.

"నువ్వు మార్కెట్ అని బోర్డు చూసి బస్సెక్కుతావు" అని ఆవిడకి ఓసారి ఓపిగ్గా చెప్పబోయాడు. "ఎవడో రాత్రికి రాత్రి బోర్డు మార్చేశాడు. బస్సు మంచిదే, డ్రైవరు మంచోడే, తీసుకెళ్లి ఊరవతల చెత్తకుప్ప దగ్గర దింపుతాడు. అవునా?"

"డ్రైవరు మంచోడే అన్నావంటే అది నువ్వు కాదన్నమాట. సరే, చెప్పు."

"ఇప్పుడు ప్రతి బోర్డు మీదా డిపో ముద్ర ఉంటుంది. ముద్ర లేకపోతే నీ కంప్యూటరు నిన్ను ఎక్కనివ్వదు. ఆ ముద్ర ఇనప్పెట్టెలో ఉంటుంది, పెట్టెలో డబ్బాలుంటాయి, ఆ డబ్బాల తాళంచెవుల్లో ఒకటి..."

"నీ దగ్గరుంది."

"ఎలా కనిపెట్టావే?"

"నీ మీసం చెప్తుంది బావా. కోత మొదలవగానే ఎడమ పక్క కదులుతుంది." ఆవిడ నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా స్పష్టంగా వెక్కిరించగలదు. "నా కొట్టుని నువ్వు కాపాడుతున్నావన్నమాట. మరి ఆ చెప్పుల రోజున ఎక్కడికెళ్లావు?"

అప్పటికి తాళంచెవి లేదని చెప్పినా ఆవిడ వినలేదు.

ఇలా సాగిపోతుండగా పేర్ల ఆఫీసులో భద్రత చూసే పాత అధికారి రిటైరై కొత్తావిడ వచ్చింది. పాతాయన బడాయి కథలు విని నవ్వుకునేవాడు. ఈవిడ నవ్వే రకం కాదు. వచ్చిన వారానికే కబురు పెట్టింది.

"బస్సులో మీరేం చెప్తున్నారో నాకు తెలిసింది" అంది మేడం.

"ఏది మేడం? బ్రేకుల సంగతా?"

"తాళంచెవి సంగతి."

"అది నిజం మేడం."

"అదే నా బాధ." ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మిగతావాళ్లు ఇంట్లోవాళ్లకి కూడా చెప్పలేదు. మీరు టికెట్టు కొన్న ప్రతివాడికీ చెప్పారు. మీ ఒక్క తాళంచెవితో ఎవడూ ఏమీ చేయలేడు, నిజమే. కానీ అది పోయిందనుకోండి, డబ్బాని కోయాలి, కొత్త తాళం వేయించాలి, అందర్నీ మళ్లీ పిలవాలి. ఆలోపు ముద్రల గడువు తీరిపోతే? మన పేర్లన్నీ దొంగపేర్లేనని ప్రపంచంలో కంప్యూటర్లన్నీ ఒకేసారి ముఖం తిప్పుకుంటాయి. ఆసుపత్రి తెరుచుకోదు, బ్యాంకు తెరుచుకోదు."

"యూనిఫారాల కొట్టు కూడా" అన్నాడు బడాయి నెమ్మదిగా.

"అదేంటో నాకు తెలీదు గానీ, అదీ తెరుచుకోదు. అందుకని వినండి. వచ్చే సంతకాల రోజులోగా నేనే మీ బస్సెక్కుతాను. ఏ రోజో చెప్పను. పక్కవాళ్లని మాటల్లో పెడతాను. ఈయన దగ్గర తాళంచెవి ఉందని ఎవరైనా నమ్మి గట్టిగా అన్నారా, ఆ రోజే తీసేసుకుంటాను. డ్రైవర్ల సంఘం ఇంకొకర్ని పంపిస్తుంది."

"మరేం చేయమంటారు మేడం?"

"లేదని చెప్పండి."

"ఉన్నదాన్ని లేదనడం అబద్ధం కదా."

ఆవిడ కళ్లజోడు మళ్లీ పెట్టుకుని ఆయన వంక చూసింది. "మీకు అబద్ధం కొత్తా?"

"నావి అబద్ధాలు కావు మేడం, బడాయిలు. ఉన్నదానికి కాస్త కలుపుతాను. ఉన్నదాంట్లోంచి తీసేయడం నాకు చేతకాదు."

చేతకాకపోయినా తప్పలేదు. ఆ ఆదివారం మరదలు అక్కని చూడటానికి వచ్చి, ముగ్గురూ భోజనానికి కూర్చున్నప్పుడు అదను దానంతటదే వచ్చింది.

"ఏం బావా, ఇంటర్నెట్టు ఎలా ఉంది? వచ్చేటప్పుడు తాళం వేసే వచ్చావా?"

"తాళంచెవీ లేదు, ఏమీ లేదు" అన్నాడు బడాయి కంచంలోకి చూస్తూ. "ఊరికే అన్నాను. అంతా కోతే."

మరదలి చేతిలో గరిటె ఆగిపోయింది. అక్క వంక చూసింది. అక్క గబుక్కున లేచి మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లిపోయింది. నీళ్ల చెంబు బల్ల మీదే ఉంది.

"బావా, ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది. ఏం?"

"బస్సుని బతిమాలి ఆపానన్నావు కదా. అదీ కోతేనా?"

"అదెందుకు కోతవుతుంది? ఆపాను."

"బస్సు దానంతటదే నడిచిందన్నావు."

"నడిచింది. నువ్వుంటే చూసేదానివి."

"అవన్నీ నిజం, ఇదొక్కటే అబద్ధం?" మరదలు గరిటె కింద పెట్టేసింది. లెక్క కుదిరినకొద్దీ ఆవిడ కళ్లు పెద్దవయ్యాయి. "మా అక్క పెళ్లయినప్పట్నుంచీ చూస్తున్నాను, నువ్వు ఒక్క కోతని వెనక్కి తీసుకున్న పాపాన పోలేదు. దీన్నొక్కదాన్నే లేదంటున్నావంటే ఎవరో లేదనమన్నారు. అంటే..." ఆవిడ గొంతు దిగిపోయింది. "నిజమే. ఇన్నాళ్లూ నిజమే చెప్పారు మీరు. నా కొట్టుకి మీరే కాపలా."

"కాదే మరదలా, నా మాట విను..."

"అర్థమైంది బావగారూ. ఇంకేం చెప్పకండి. నేనేమీ వినలేదు."

బావగారూ. ఆ పిలుపు విని బడాయి ముద్ద నోట్లో పెట్టుకోవడం మర్చిపోయాడు. ఆ ఇంట్లో ఆయనకి ఎన్నో పేర్లున్నాయి గానీ, చివర గారు తగిలించినవి అప్పటిదాకా లేవు.

మరదలు ఎవరికీ చెప్పలేదు. కొలతలిచ్చే ప్రతి తల్లికీ "ఎవరికీ చెప్పకండి" అని మాత్రం చెప్పింది. బుధవారానికల్లా పన్నెండో నంబరు బస్సు గుడ్డి నమ్మకంతో నిండిపోయింది. డ్రైవరు వెనక సీట్లో గట్టిగా మాట్లాడటం మానేశారు. రోడ్డు మీద గతుకు వచ్చి బస్సు ఎగిరిపడితే కండక్టరుని తిట్టారు గానీ డ్రైవరుని ఒక్క మాట అనలేదు. ఒకావిడ తన మెయిలు తెరుచుకోవడం లేదని, కాస్త తాళం తీసిపెట్టమని చెవిలో అడిగింది. ఒక పెద్దమనిషి పక్కింటివాడికి ఒక్క వారం ఇంటర్నెట్టు ఆపేస్తే జీవితాంతం రుణపడి ఉంటానన్నాడు. గుళ్ల తాళాలు, బీరువా తాళాలు అమ్మే ఆయన ఎక్కి, "ఒక్కటే ఉంటే కష్టం సార్, పోతే గోల. అచ్చు అలాంటిదే ఇంకోటి చేసిస్తాను, ఒక్క పూట ఇవ్వండి" అన్నాడు.

"నా దగ్గర ఏ తాళంచెవీ లేదు" అనేవాడు బడాయి ఒక్కొక్కరికీ.

"అర్థమైంది సార్" అని కన్ను గీటేవారు.

ఎంత గట్టిగా లేదంటే అంత గట్టిగా నమ్మారు. బస్టాండులో ఎక్కిన ముక్కూ ముఖం తెలియని ఇద్దరు మనుషులు ఆయన చొక్కా జేబునే చూస్తూ రెండు ట్రిప్పులు తిరిగారు. దిగమంటే ఇంకో టికెట్టు తీసుకున్నారు.

ఆ మధ్యలో మరదలు ఒక పొట్లం తెచ్చింది. లోపల కొత్త చొక్కా.

"లోపలి వైపు జేబు కుట్టాను బావగారూ. గుండీ పెట్టాను, దాని మీద మడత కూడా పెట్టాను. ఎవడూ చెయ్యి దూర్చలేడు." ఆవిడ చొక్కా మడత విప్పి భుజాలకి ఆనించి కొలత సరిచూసింది. "ఇన్నాళ్లూ నవ్వాను మీ మీద. మనసులో పెట్టుకోకండి."

బడాయి చొక్కా తీసుకుని లోపలి జేబు గుండీ పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు.

ఆవిడ వెళ్లాక భార్య తలుపు వేసి వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది. తాళంచెవి సంగతి నిజమని మొదట్నుంచీ తెలిసిన మనిషి ఇంట్లో ఆవిడొక్కతే.

"ఇన్నాళ్లూ దానికి మీ బడాయే కాపలా కాసింది" అంది. "జీతం బత్తెం లేని కాపలా. మీరే దాన్ని పనిలోంచి తీసేశారు. మళ్లీ పెట్టుకోండి."

"అంటే?"

"అంటే నోరు తెరవండి. ఎప్పటిలాగా వాగండి. ఎవరూ నమ్మకుండా చేయడం మీకొకరు నేర్పాలా?"

"చేయొచ్చు." ఆయన చొక్కా వంక చూశాడు. "కానీ అది గారు అంటోంది నన్ను."

"తాళంచెవి కావాలా, గారు కావాలా?"

"రేపు చూద్దాంలే."

ఆ రేపు కాస్తా ఎల్లుండి అయింది, ఆ ఎల్లుండి కాస్తా వారం దాటింది. ప్రతి ఉదయం ఇవాళ చెప్పేస్తానని బయల్దేరడం, మరదలు గుడ్డల మూటతో ఎక్కి "నమస్కారం బావగారూ" అనగానే నోరు మూతపడటం. సంతకాల రోజు దగ్గరికొచ్చేసింది.

అలాంటి ఒక ఉదయం, బస్సు నిండిపోయి ఉంది. మరదలు మూటని ఒళ్లో పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. గ్రంథాలయం స్టాపులో ఒకావిడ ఎక్కి సరిగ్గా ఆవిడ పక్కనే ఖాళీ చూసుకుని కూర్చుంది. బడాయి యథాలాపంగా అద్దంలోకి చూశాడు. కళ్లజోడు.

బస్సు కదిలింది. ఇంజను రొదలో మాటలు సగమే వినిపిస్తున్నాయి.

"...రోజూ ఈ బస్సేనా?" మేడం గొంతు.

"రోజూనండి. మా బావగారి బస్సు." మరదలి గొంతు పొంగిపోతోంది. "డ్రైవరు మా సొంత బావగారు. పైకి అలా కనిపిస్తారు గానీ..."

"ఊఁ?"

"చెప్పకూడదు లెండి." మరదలు పక్కకి వంగింది. బడాయి అద్దంలో ఆ వంగడాన్ని చూశాడు. ఆవిడ చెప్పకూడదన్నదంటే ఇంకో రెండు స్టాపుల్లో చెప్పేస్తుంది. అది ఆయనకి తెలుసు, వీధికి తెలుసు.

అంతలో రైలు గేటు పడింది. బస్సు ఆగింది. ఇంజను ఆపేశాడు. బస్సంతా నిశ్శబ్దంగా ఉంది, ఈ మధ్య ఎప్పుడూ అలాగే ఉంటోంది. మరదలు గొంతు సవరించుకుంటోంది.

బడాయి సీట్లోంచి లేచి వెనక్కి తిరిగాడు.

"ఏమండోయ్, అందరూ వినండి. తాళంచెవి లేదు లేదని రెండు వారాల నుంచీ అంటున్నాను. మొహమాటానికి అన్నాను. ఉంది."

బస్సులో తలలన్నీ ముందుకి వంగాయి. మరదలు పక్కావిడని మోచేత్తో పొడిచి "చూశారా" అంది. మేడం సంచి దగ్గరికి లాక్కుంది.

"ఎంతుంటుందనుకున్నారు?" అన్నాడు బడాయి. "ఈ బస్సులో పట్టదు. ఇంట్లో పెట్టుకోవడానికి చోటు చాలక, ముందు దాన్ని పడుకోబెట్టి దాని మీద ఇల్లు కట్టుకున్నాం. మా ఇంటికి మూడు మెట్లుంటాయి చూడండి, అవి దాని పళ్లు."

వెనక సీట్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ చిన్న నవ్వు చెవిన పడేసరికి బడాయికి పాత బలం తిరిగొచ్చింది.

"దాంతో నేను వెళ్లేది ఎక్కడికనుకున్నారు? గదిలో గది. చుట్టూ ఇనుప కంచె. గుమ్మంలో ఒక యంత్రం నా కళ్లలోకి చూసి, నువ్వేనా అంటుంది. నేనే అంటాను. అప్పుడు గానీ లోపలికి రానివ్వదు."

"పెళ్లానికన్నా ఎక్కువ అనుమానం దానికి" అన్నాడు కండక్టరు.

"తలుపు కాస్త గట్టిగా వేశామా, పెట్టె కూత పెట్టి మమ్మల్నందర్నీ బంధించేస్తుంది. లోపల ఓ కంప్యూటరు ఉంటుంది. దానికి బ్యాటరీ లేదు, డిస్కూ లేదు."

"మరేముంది దాంట్లో? గాలా?" తాళాల ఆయన అడిగాడు.

బస్సు గొల్లున నవ్వింది. కంచె, కళ్ల యంత్రం, బ్యాటరీ లేని కంప్యూటరు అక్షరాలా నిజాలు. ఇప్పుడు ఆ కంప్యూటరుకి కాపలా ఉంటున్నది ముందు వరసలో మూతి బిగించుకుని కూర్చున్న మేడమే. వాటికి నవ్వినంతగా మెట్ల కథకి కూడా ఎవరూ నవ్వలేదు.

"ఓసారి పొరపాటున ఎడమకి తిప్పాల్సింది కుడికి తిప్పాను. అంతే. ఇంటర్నెట్టంతా వెనక్కి నడిచింది. పంపిన ఉత్తరాలన్నీ పంపినవాళ్లకే తిరిగొచ్చేశాయి. తాతల ఫోటోలు తెరిస్తే ఉయ్యాల్లో పసిపాపలు కనిపించారు. ఒకాయన అప్పుడే పరీక్ష పాసయ్యాడు, మళ్లీ ఫెయిలైపోయాడు."

"తర్వాతేం చేశావు?" అన్నారు ఎవరో. మీరు పోయి నువ్వు వచ్చేసింది.

"ఏం చేస్తాను, చెవిని నెమ్మదిగా నిమిరి, బుజ్జగించి, మళ్లీ ఎడమకి తిప్పాను. ప్రపంచం బతికిపోయింది. దానికి బహుమానంగా నాకో సముద్రం ఇస్తామన్నారు. పెట్టుకోడానికి చోటులేక వద్దన్నాను."

బస్సు నవ్వి నవ్వి అలసిపోయింది. రెండు వారాల నుంచీ బిగపట్టుకున్న నవ్వులన్నీ ఒక్కసారే బయటపడ్డాయి. మెయిలు తెరుచుకోని ఆవిడ కళ్లు తుడుచుకుంటూ "ఈ మనిషిని నమ్మి నేను పాస్‌వర్డు చెప్పబోయాను" అంది. జేబు చూసే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, గేటు దగ్గరే దిగి వెనక్కి నడిచి పోయారు.

మరదలు ఒక్కతే నవ్వలేదు. మూటని గట్టిగా పట్టుకుని బడాయి ముఖంలోకే చూస్తోంది. "బావగారూ" అంది, "నిజంగా చెప్పండి. ఉందా, లేదా?"

ఉంది అని అచ్చంగా, ఏమీ కలపకుండా ఒక్క మాట చెబితే ఆవిడ నమ్ముతుంది. జన్మంతా నమ్ముతుంది. బడాయికి ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఉంచి, మీసం ఎడమ పక్క కావాలని కదిపాడు.

"ఉందే మరదలా. సముద్రం సంగతి నమ్మకపోతే మీ అక్కనడుగు. ఉప్పు కూడా చూసింది."

మరదలు కళ్లు మూసుకుని తెరిచింది. తర్వాత పక్కావిడ వైపు తిరిగింది. "ఏమనుకోకండి. మా అక్క మొగుడు, ఇంతకన్నా బాగయ్యే రకం కాదు. తాళంచెవీ లేదు, పాడూ లేదు."

"మీరు నమ్మలేదా?" అంది మేడం.

"మధ్యలో కొన్నాళ్లు నమ్మానండి. ఎవరితోనూ అనకండి, వీధిలో తలెత్తుకోలేను."

రైలు వెళ్లిపోయింది, గేటు లేచింది. తర్వాతి స్టాపులో మేడం ముందు తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. దిగబోతూ గొంతు తగ్గించి, "సంతకాల రోజు పెందలాడే రండి" అంది. "మీ తాళంచెవితో."

"అలాగే మేడం."

ఆవిడ ఒక మెట్టు దిగి ఆగింది. "ఆ కుడికి తిప్పిన సంగతి. అది... కల్పనే కదా?"

"అప్పటికి మీరు రాలేదు మేడం" అన్నాడు బడాయి. ఆవిడ ఏదో అడగబోయి, కళ్లజోడు సర్దుకుని దిగిపోయింది. ఆ పూట ఆఫీసుకి వెళ్లగానే పాత రికార్డులన్నీ ఒకసారి తిరగేయించిందని తర్వాత తెలిసింది.

మార్కెట్ స్టాపులో మరదలు మూటతో లేచింది. బడాయి ముందుకే చూస్తూ కూర్చున్నాడు.

"ఇదిగో బావా" అంది. "రెండు వారాల నుంచీ గారు గారు అని పిలిచాను. అవన్నీ వెనక్కిచ్చేయ్."

"ఇచ్చేశాను, తీసుకో."

"ఆ చొక్కా కూడా తెచ్చిపడెయ్. లోపలి జేబు విప్పేస్తాను, దండగ."

"జేబు ఉండనీవే. మళ్లీ ఎవరైనా సముద్రం ఇస్తే పెట్టుకోవాలి కదా."

మరదలు నవ్వకూడదని పెదవి కొరికి పట్టుకుంది. పట్టు నిలవలేదు. నవ్వుతూనే మూటతో ఆయన భుజం మీద ఒకటి వేసి దిగి, పేవ్‌మెంటు మీద నిలబడి ఆయన ఏడు తరాల్నీ పేరుపేరునా తలుచుకుంది. వెనకాల లారీ హారన్ కొడుతుంటే బడాయి బస్సు కదిలించాడు.

సంతకాల రోజున గదిలో గది తెరుచుకుంది. చదివేవాడు చదివాడు, చూసేవాడు చూశానన్నాడు. బడాయిని అడగాల్సింది అడిగారు. "నా దగ్గరే ఉంది, ఎవరికీ ఇవ్వలేదు" అని చెప్పి, తాళం తిప్పి, తన కుర్చీలో తను కూర్చున్నాడు. ముద్రలు పడ్డాయి. ఇంకో మూడు నెలలపాటు యూనిఫారాలు కావాల్సినవాళ్లకి యూనిఫారాలే దొరుకుతాయి.

సాయంత్రం షిఫ్టుకి బస్సెక్కగానే వెనకనుంచి ఎవరో అడిగారు, పొద్దున్న డ్యూటీకి ఎందుకు రాలేదని.

"పేర్ల ఆఫీసుకి వెళ్లాను" అన్నాడు బడాయి గేరు వేస్తూ. "ఇంటర్నెట్టుకి ముద్రలు వేశారు, నా తాళంచెవి కావాల్సి వచ్చింది."

దానికి ఆయన ఒక్క ముక్క కూడా కలపలేదు. బస్సంతా పడీ పడీ నవ్వింది.